ఇంటి కంప్యూటర్‌కి బ్యాకప్ – 3వ పాఠం: ఎస్పీ రోడ్‌కి వెళ్లేముందు ఏ డ్రైవ్ కొనాలో తేల్చుకోవడం

బెంగళూరు ఎస్పీ రోడ్‌లో ఏ షాపు ముందు నిలబడి "ఒక టీబీ ఎక్స్‌టర్నల్ కావాలి" అన్నా, ఎదురొచ్చే ప్రశ్న ఒకటే: "హార్డ్ డిస్కా, ఎస్ఎస్‌డీనా (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే దాచుకునే డ్రైవ్)?" తెలుగులో అడిగినా జవాబు దొరికే బజారే అది, కాబట్టి భాషతో ఇబ్బంది లేదు. ఆ డ్రైవ్‌తో ఏం పని చేయించుకుంటారో మీకే తేలకపోతేనే ఇబ్బంది. తేల్చుకోకుండా వెళ్తే షాపులో ఏ సరుకు ఎక్కువుంటే అదే మీ సంచిలోకి వస్తుంది.

గత పాఠంలో రాసుకున్న కాగితం తీయండి. లోపలి డిస్క్ మొత్తం సైజు, అందులో నిండింది ఎంత, పక్కన ఉన్న పోర్టులు ఏవి అన్న మూడు వివరాలూ ఇప్పుడు కావాలి.

బయటి డ్రైవ్‌తో చేయించుకునే పనులు రెండు: ఫైళ్ల నకలు దాచడం (బ్యాకప్), కంప్యూటర్‌ని దాని మీది నుంచే లేపి నడపడం (బూట్). బ్యాకప్ డ్రైవ్ వారానికోసారి బీరువాలోంచి బయటికొస్తుంది, ఒక గంటో రెండు గంటలో వరసగా రాసుకుని మళ్లీ లోపలికి పోతుంది. బూట్ డ్రైవ్ బతుకు వేరు. విండోసో ఉబుంటూనో మ్యాక్ఓఎస్సో దాని మీదే నడుస్తుంటుంది కాబట్టి, మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ వేల చిన్న ఫైళ్లు ఎక్కడెక్కడివో చదవాలి, రాయాలి.

హార్డ్ డిస్క్ ఎందుకు బూట్‌కి పనికిరాదో చిన్న లెక్కలో తేలిపోతుంది. లోపల తిరిగే పళ్లెం మీద హెడ్ ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్లి, కావలసిన ముక్క కిందికొచ్చేదాకా ఆగడానికి సుమారు 10 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే సెకనుకు 100 ముక్కలు. ముక్క 4 కేబీ అనుకుంటే సెకనుకు 400 కేబీ. అదే డిస్క్ ఒక పెద్ద సినిమా ఫైలును సెకనుకు 100 నుంచి 130 ఎంబీ దాకా వరసగా లాగేస్తుంది. అందుకే బ్యాకప్‌కి అది బంగారం, బూట్‌కి నరకం. బూట్‌కి ఎస్ఎస్‌డీయే కావాలి. హార్డ్ డిస్క్ మీద సిస్టమ్ ఎక్కించి చూస్తే ఎక్కడం ఎక్కుతుంది గానీ, డెస్క్‌టాప్ వచ్చాక బ్రౌజర్ తెరుచుకునే లోపు కాఫీ పెట్టుకుని తాగేసి రావచ్చు.

అయితే 2 టీబీ ఎస్ఎస్‌డీ ఒకటే కొని, రెండు పార్టిషన్లు (భాగాలు) చేసి రెండు పనులూ దానికే అప్పజెప్పొచ్చు కదా అని చాలామందికి తోస్తుంది. వద్దు. బూట్ డ్రైవ్ రోజంతా తగిలించి ఉంటుంది. వైరస్ పట్టినా, వోల్టేజీ ఎగిరినా, సంచి కింద పడినా రెండు పార్టిషన్లూ కలిసే పోతాయి. బ్యాకప్ వేరే వస్తువు మీద ఉండాలి, పని లేనప్పుడు కంప్యూటర్‌కి తగిలించి ఉండకూడదు.

బూట్ డ్రైవ్

ముందు మీ మిషన్ బయటి డ్రైవ్ నుంచి లేస్తుందా లేదా చూడండి. ఇది తేలకుండా డబ్బు తీయకండి.

లైనక్స్‌కి (ఉబుంటూ లాంటివాటికి) ఏ బాధా లేదు. విండోస్ మామూలు సెటప్ మాత్రం యూఎస్‌బీ డ్రైవ్ మీద ఎక్కనంటుంది. దీనికోసం మైక్రోసాఫ్ట్ ఇచ్చిన విండోస్ టు గో అనే సదుపాయం 2020లో, విండోస్ 10 2004 వెర్షన్‌తో తీసేశారు. రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాంతో ఇప్పటికీ అలాంటిది తయారు చేయొచ్చు గానీ, రోజువారీ పనికి దాన్ని నమ్ముకోమని మేం చెప్పం. విండోస్ వాళ్లకి 8 జీబీ లేదా అంతకు మించిన పెన్ డ్రైవ్ మీద ఇన్‌స్టాలర్, విడిగా బ్యాకప్ డిస్క్ మీద సిస్టమ్ ఇమేజ్ (సిస్టమ్ మొత్తానికి నకలు) ఉంటే చాలు. బూట్ ఎస్ఎస్‌డీ ఖర్చే ఉండదు.

ఇంటెల్ మ్యాకుల్లో టీ2 అనే భద్రతా చిప్ ఉన్నవైతే స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీలోకి వెళ్లి బయటి డ్రైవ్‌కి ముందే అనుమతి ఇచ్చి పెట్టుకోవాలి. మిషన్ చెడ్డాక ఇద్దామంటే కుదరకపోవచ్చు. ఎం1, ఆ తర్వాతి మ్యాకుల్లో ఇంకో మెలిక ఉంది: బయటి డ్రైవ్ నుంచి లేవాలన్నా మొదటి అడుగు లోపలి స్టోరేజీ నుంచే పడుతుంది. లోపలిది పూర్తిగా చచ్చిపోతే బయట ఎంత మంచి బూట్ డ్రైవ్ ఉన్నా లేవదు. ఆ మ్యాకులవాళ్లు డబ్బంతా బ్యాకప్ మీదే పెట్టడం తెలివైన పని.

విండోస్ లాప్‌టాప్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే సదుపాయం) ఆన్‌లో ఉంటే, బయాస్‌లో (మిషన్ లేచేటప్పుడు తెరుచుకునే సెట్టింగుల్లో) సెక్యూర్ బూట్ సెట్టింగ్ కదిలించగానే 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. దాన్ని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి. అదే లాప్‌టాప్‌లో దాచుకుంటే తాళంచెవి పెట్టెలో వేసి పెట్టెకి తాళం వేసినట్టే.

ఇక కొనడం. తయారుగా దొరికే పోర్టబుల్ ఎస్ఎస్‌డీ ఒక దారి. ఎం.2 ఎస్ఎస్‌డీ (సన్నటి పట్టీలాంటి విడి ముక్క), దానికి ఎన్‌క్లోజర్ (పై కేసు) విడివిడిగా కొని బిగించుకోవడం ఇంకో దారి. రెండోది మరమ్మతుకి మేలు. పైన కేసు చెడితే లోపలి ఎస్ఎస్‌డీ తీసి ఇంకో కేసులో పెట్టుకోవచ్చు. కాకపోతే వేగమైన ఎన్‌వీఎంఈ, నెమ్మదైన సాటా అని ఎం.2లో రెండు జాతులున్నాయి. అంచున ఒకే గాడి ఉంటే ఎన్‌వీఎంఈ, రెండు గాళ్లుంటే చాలావరకు సాటా. ఎన్‌వీఎంఈకి మాత్రమే చేసిన ఎన్‌క్లోజర్‌లో సాటా ముక్క చక్కగా కూర్చుంటుంది, స్క్రూ కూడా పడుతుంది, కంప్యూటర్‌లో మాత్రం కనపడదు. డ్రైవ్ చచ్చిందనుకుని వెనక్కి ఇచ్చేవాళ్లుంటారు. కేసు డబ్బా మీద రెండింటికీ పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. సైజు 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు.

వేగం పేర్లు చూసి మోసపోకండి. యూఎస్‌బీ 3.0, 3.1 జెన్ 1, 3.2 జెన్ 1, ఈ మూడూ ఒకటే: 5 జీబీపీఎస్ (సెకనుకు 5 గిగాబిట్లు). డబ్బా మీద ఎంత కొత్త పేరున్నా పక్కన పెట్టి జీబీపీఎస్ అంకె చూడండి. 5 జీబీపీఎస్ పోర్టులో సెకనుకు దాదాపు 450 ఎంబీకి మించి రాదు. సాటా ఎస్ఎస్‌డీకే అది సరిపోతుంది. మీ కాగితం మీద నీలం రంగు పోర్టులే (సాధారణంగా 5 జీబీపీఎస్‌వి) ఉంటే ఎన్‌వీఎంఈకి ఎక్కువ పెట్టడం దండగ. 20 జీబీపీఎస్ డ్రైవ్ కొన్నా, చాలా మ్యాకుల్లోనూ లాప్‌టాప్‌లలోనూ అది 10కే నడుస్తుంది.

వేగం కన్నా ఎక్కువ ఏడిపించేది కరెంటు. నీలం పోర్టు ఇవ్వాల్సింది 5 వోల్టుల దగ్గర 900 మిల్లీఆంపులు, అంటే 4.5 వాట్లు. కొన్ని ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలు జోరుగా రాసేటప్పుడు అంతకంటే ఎక్కువ లాగుతాయి. అప్పుడు డ్రైవ్ అర సెకను మాయమై మళ్లీ వస్తుంది. మామూలు డ్రైవ్ అయితే కాపీ ఆగిపోతుంది, అంతే. సిస్టమే దాని మీద నడుస్తుంటే లైనక్స్ ఫైల్ సిస్టమ్‌ని చదవడానికి మాత్రమే అన్నట్టు మార్చేస్తుంది, విండోస్ నీలం తెర చూపిస్తుంది. ఇలా జరిగితే ముందు హబ్ తీసేసి నేరుగా మిషన్‌కే తగిలించండి. డెస్క్‌టాప్ అయితే ముందు వైపు పోర్టు వదిలి వెనక మదర్‌బోర్డు పోర్టులో పెట్టండి. తర్వాత కేబుల్ మార్చండి. అప్పటికీ ఆగకపోతే సాటా ఎం.2కి మారడమే మందు. అది తక్కువ కరెంటుతో నడుస్తుంది, వేడీ తక్కువే.

ఫోన్ చార్జర్‌తో వచ్చిన సీ కేబుల్ చూడ్డానికి అచ్చం డ్రైవ్ కేబుల్‌లాగే ఉంటుంది. వాటిలో చాలావరకు యూఎస్‌బీ 2.0 తీగలే, సెకనుకు 35–40 ఎంబీ దాటదు. డ్రైవ్‌తో వచ్చిన పొట్టి కేబుల్‌ని దానికే రబ్బరు బ్యాండు వేసి ఉంచండి.

బ్యాకప్ డిస్క్

సైజు సంగతి త్వరగా తేలిపోతుంది. టైమ్ మెషీన్‌కి (మ్యాక్‌తో వచ్చే బ్యాకప్ ప్రోగ్రాంకి) మ్యాక్ స్టోరేజీకి కనీసం రెట్టింపు ఉండాలని యాపిల్ చెప్తుంది, ఆ లెక్క అందరికీ సరిపోతుంది. 512 జీబీ మిషన్‌కి 1 టీబీ. ఇంటికి తెచ్చాక విండోస్ 931 జీబీ అని చూపిస్తే షాపువాడితో తగువుకి వెళ్లకండి. కంపెనీ వెయ్యితో లెక్కేస్తుంది, విండోస్ 1024తో.

400 జీబీ మొదటి బ్యాకప్ సెకనుకు 110 ఎంబీ చొప్పున గంట పడుతుంది. అదే పాత యూఎస్‌బీ 2.0 పోర్టులో సుమారు మూడు గంటలు పడుతుంది. వేలకొద్దీ చిన్న ఫైళ్లుంటే ఇంకా ఎక్కువ. చాలా 2.5 అంగుళాల డిస్కుల్లో ట్రాకులు పెంకుల్లా ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి తిరగరాయాలంటే పక్కవాటినీ రాయాలి కాబట్టి, మొదట్లో బాగా పోయిన కాపీ కాసేపటికి నత్తనడక పడుతుంది. అది చెడిపోవడం కాదు, పీకేయకండి. రాత్రి పెట్టి పొద్దున చూసుకోండి.

పీజీ గదిలో ఒకే ప్లగ్ పాయింటు ఉన్నవాళ్లకి 2.5 అంగుళాలదే దారి, పోర్టు కరెంటుతోనే నడుస్తుంది. 3.5 అంగుళాలదానికి 12 వోల్టుల అడాప్టర్ కావాలి. కరెంటు పోయినప్పుడు లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తూనే ఉంటుంది, డిస్క్ మాత్రం రాస్తూ రాస్తూ మధ్యలో ఆగిపోతుంది. దాన్ని వైఫై రూటర్ ఉన్న యూపీఎస్‌కే తగిలించండి.

చిన్న డిస్కుల్లో చాలా వాటికి యూఎస్‌బీ సాకెట్ నేరుగా డిస్క్ బోర్డు మీదే అతికించి ఉంటుంది. ఆ వెడల్పాటి మైక్రో బీ సాకెట్ ఊడితే పైకేసు విప్పినా లోపల సాటా పళ్లు కనపడవు, ఇంకో కేసులో పెట్టుకోవడం కుదరదు. అందుకే వైరు పట్టుకుని లాగకండి, బల్ల అంచున వేలాడదీయకండి.

ఫార్మాట్: విండోస్‌కి ఎన్‌టీఎఫ్ఎస్, టైమ్ మెషీన్‌కి ఏపీఎఫ్ఎస్, లైనక్స్‌లో టైమ్‌షిఫ్ట్ అనే బ్యాకప్ ప్రోగ్రాంకి ఎక్స్‌ట్4 (ext4). అన్నిట్లో పనిచేస్తుందని ఎక్స్‌ఫ్యాట్ పెట్టుకుంటే, దానికి జర్నల్ (జరుగుతున్న మార్పుల చిట్టా) ఉండదు కాబట్టి రాస్తుండగా కేబుల్ ఊడితే ఫోల్డర్లే గల్లంతు కావచ్చు. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు. 2 టీబీ మించిన డిస్క్‌కి పార్టిషన్ పద్ధతి జీపీటీ ఎంచుకోండి, పాత పద్ధతి ఎంబీఆర్‌లో మిగతా జాగా కనపడదు.

ఇంటికి తెచ్చిన రోజే

వెనక్కిచ్చే గడువు ముగియకముందే ఈ రెండు పరీక్షలూ చేయండి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో (డిస్క్ ఆరోగ్యం చూపించే విండోస్ ప్రోగ్రాం) పవర్ ఆన్ గంటలు చూడండి. కొత్తదైతే సున్నాకి దగ్గరగా ఉండాలి, వందల్లో ఉంటే ఎవరో వాడి వదిలేసినదే. 05, సీ5 వరుసల్లో (పాడైన, పాడైనట్టు అనుమానమున్న ముక్కల లెక్క) ఎర్రర్లు సున్నా ఉండాలి. కొన్ని కేసులు ఈ వివరాలు బయటికి పంపవు, అప్పుడు రెండో పరీక్షే ఆధారం.

విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్, లైనక్స్‌లలో ఎఫ్3 ఖాళీ జాగానంతా నింపి, తిరిగి చదివి సరిచూస్తాయి. 1 టీబీ హార్డ్ డిస్క్‌కి రాయడం రెండున్నర గంటలు, చదవడం ఇంకో రెండున్నర. మరీ చవగ్గా దొరికే 2 టీబీ పెన్ డ్రైవుల బండారం ఇక్కడే బయటపడుతుంది. 2 టీబీ అని చూపిస్తూనే, నిజంగా ఉన్న 32 జీబీయో 64 జీబీయో నిండాక మిగతాదంతా గాల్లోకి రాస్తాయి. కాపీ అయినట్టే ఉంటుంది, తెరిస్తే ఫైలు ఉండదు. తప్పు తేలితే తెర ఫొటో తీసి, సీరియల్ నంబరు రాసి ఉన్న జీఎస్టీ బిల్లుతో వెళ్లండి. నంబరు లేని బిల్లు షాపువాడు రాసిస్తుంటే అక్కడే ఆపి రాయించుకోండి.

ఈ వారం పని: కాగితం మీద రెండు గళ్లు గీయండి. ఒక దాంట్లో బూట్ డ్రైవ్ కావాలా వద్దా, కావాలంటే ఏ జాతి, ఎన్ని జీబీపీఎస్. రెండో దాంట్లో బ్యాకప్ డిస్క్ సైజు, ఫార్మాట్, బీరువాలో ఏ అరలో ఉంటుంది. 4వ పాఠంలో ఖాళీ డిస్క్‌ని పార్టిషన్ చేసి మొదటి బ్యాకప్ తీస్తాం, అందులోంచి ఒక ఫైలు వెనక్కి తెచ్చి చూస్తాం.