తిరుపతిలోనే ఉండి బ్యాండ్ నడపడం ఎలా? గ్లాస్గో వాళ్లను చూసి చెప్తున్నా

బ్యాండ్ పెట్టాలనుకునే మన ఊరి పిల్లలు ముందు అడిగేది ఒకటే. "అన్నా, చెన్నై వెళ్లాలా, హైదరాబాద్ వెళ్లాలా?" రెండూ వద్దు, కనీసం మొదటి రెండేళ్లు వద్దు. ఏదో ఊరి మీద ప్రేమతో అంటున్న మాట కాదిది. స్కాట్లండ్‌లో బెల్ అండ్ సెబాస్టియన్ అని ఒక ఇండీ (పెద్ద కంపెనీల నీడలో లేని) బ్యాండ్ ఉంది, 1996లో గ్లాస్గోలో మొదలై ఇప్పటికీ గ్లాస్గో బ్యాండే. అక్కడి నుంచి లండన్ 600 కిలోమీటర్ల పైమాటే, మనకు హైదరాబాద్ ఎంత దూరమో ఇంచుమించు అంతే. వాళ్లతో సంతకం పెట్టించుకున్న జీప్‌స్టర్ అనే లేబుల్ (రికార్డు కంపెనీ) లండన్‌ది, వీళ్లు మాత్రం ఊరు కదల్లేదు. వాళ్లు నడిచిన దారిలో మనకు పనికొచ్చేవి ఏరి చెప్తాను, పనికిరానివి వదిలేద్దాం.

మొదలు చూడండి ఎలా ఉందో. ఆ బ్యాండ్ గాయకుడు, పాటల రచయిత స్టువర్ట్ మర్డాక్‌కు చదువుకునే వయసులోనే క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్ (ఎంతకీ తీరని నీరసం జబ్బు) వచ్చింది, ఏళ్ల తరబడి చదువు లేదు, పని లేదు. ఆ రోజుల్లోనే పియానో ముందు కూర్చుని పాటలు కట్టడం అలవాటైంది. కాస్త కోలుకున్నాక, పని లేని మ్యుజీషియన్లకు ప్రభుత్వం నడిపే ట్రైనింగ్‌లో చేరితే అక్కడ స్టువర్ట్ డేవిడ్ అనే బేస్ గిటారిస్టు దొరికాడు. ఇద్దరూ చేసిన డెమోలు (నమూనా రికార్డింగులు) గ్లాస్గోలోని స్టో కాలేజీలో మ్యూజిక్ బిజినెస్ పాఠాలు చెప్పే అలన్ రాంకిన్ దాకా వెళ్లాయి. ఆ కోర్సు పిల్లలకు ఎలక్ట్రిక్ హనీ అని సొంత లేబుల్ ఉండేది, మామూలుగా ఏడాదికి ఒక సింగిల్ (ఒకటి రెండు పాటల రికార్డు) వేసేవాళ్లు. వీళ్ల దగ్గర పాటలు బోలెడున్నాయని సింగిల్ మానేసి ఆల్బమే చేయించారు. రికార్డింగ్‌కు వారం కూడా పట్టలేదు. టైగర్‌మిల్క్ దాని పేరు, అచ్చు వేసింది 1,000 ఎల్పీలు (పెద్ద గ్రామఫోన్ రికార్డులు). తర్వాత ఆ ఎల్పీల కోసం జనం వందల పౌండ్లు పెట్టారు, 1999లో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది.

వారంలోపు ఎలా అయిందంటే, పాటలు ముందే పూర్తయి ఉన్నాయి కాబట్టి. స్టూడియోలో కూర్చుని రెండో చరణం వెతుక్కునేవాళ్లకు గంటకింత అని బిల్లు పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి మొదటి పని: పది పాటలు, పల్లవి నుంచి చివరి దాకా, ఒక గిటారుతో ఆపకుండా పాడగలిగేలా తయారు చేసుకోండి. బ్యాండ్ పేరు, లోగో, ఇన్‌స్టా పేజీ అన్నీ ఆ తర్వాతే. మనవాళ్లు టీషర్టులతో మొదలుపెడతారు, అదే బాధ.

ప్రాక్టీస్‌కు చోటు. మర్డాక్ ఒక చర్చి హాలుకు కేర్‌టేకర్‌గా ఉంటూ అక్కడే పైన కాపురం, ఆ హాల్లోనే బ్యాండ్ రిహార్సల్స్. మనకు చర్చి హాలు దొరక్కపోయినా కల్యాణ మండపాలు ఉన్నాయి. ఆషాఢంలో, ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు, మండపాలు ఖాళీగా పడి ఉంటాయి. మేనేజర్‌ని కలిసి పెద్ద హాలు అడక్కండి, కింద భోజనాల హాలు అడగండి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా, కరెంటు ఖర్చు మేమిస్తాం, టేబుళ్లు ఎలా ఉన్నవి అలాగే పెట్టి వెళ్తాం అని చెప్పండి. ఎవరో ఒకరు ఒప్పుకుంటారు. లేదంటే మిద్దె మీద గది, పక్కింటి వాళ్లతో ముందే మాట్లాడుకుని.

ఇక మనుషులు. ఇక్కడ తిరుపతికి ఉన్న సౌకర్యం పెద్ద పెద్ద ఊళ్లకు కూడా లేదు, మనవాళ్లకే పట్టదు. బెల్ అండ్ సెబాస్టియన్ పాటల్లో చెవికి ముందు తగిలేది గిటారు కాదు, ఇసొబెల్ క్యాంబెల్ చెల్లో, సారా మార్టిన్ వయొలిన్, మిక్ కుక్ ట్రంపెట్. మీకు మూడో గిటారిస్టు అక్కర్లేదు. టీటీడీ వాళ్ల ఎస్వీ సంగీత నృత్య కళాశాల ఊళ్లోనే ఉంది, అక్కడ వయొలిన్, వీణ, మృదంగం నేర్చుకునే పిల్లలు ఉన్నారు, వెళ్లి మర్యాదగా అడగండి. వాళ్ల గురువుగారికి తెలియకుండా లాక్కురావద్దు, ముందు ఆయనకో ఆమెకో నమస్కారం పెట్టి విషయం చెప్పండి.

వాళ్లు వచ్చాక మొదటి గంటలోనే గొడవ ఒకటి వస్తుంది. వయొలిన్ అమ్మాయి "శ్రుతి ఎంత?" అంటుంది, మీ గిటారిస్టు "సి షార్ప్" అంటాడు, ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. లెక్క చాలా సులువు: ఒకటి శ్రుతి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు అంటే డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి. కర్ణాటక వయొలిన్ తీగలను స ప స ప అని షడ్జమానికి సరిపెట్టుకుంటారు, కాబట్టి పాటకో స్కేలు మారిస్తే ఆ అమ్మాయి ప్రతిసారీ తీగలు సవరించుకుంటూ కూర్చోవాలి. మారాల్సింది గిటారే. ఆమె ఒకటిన్నరలో ఉంటే మీవాడు మొదటి ఫ్రెట్ దగ్గర కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) బిగించి సి కార్డులే (కలిపి మోగించే స్వరాలు) పట్టుకుంటాడు, ఇద్దరికీ సుఖం. ఇంకోటి, గమకం ఉన్న చోట కింద కార్డులు గబగబా మార్చకండి. ఒకే కార్డు పట్టి వదిలేయండి, వయొలిన్ చేసే పని చేయనివ్వండి. అలా వదిలేసిన నాలుగు సెకన్లే విన్నవాళ్లకు గుర్తుంటాయి.

ఇంట్లో రికార్డింగ్‌కు రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైక్, చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్, ఒక ల్యాప్‌టాప్ చాలు. సాఫ్ట్‌వేర్‌కు డబ్బుల్లేకపోతే ఉచితంగా దొరికే ఆడాసిటీతో మొదలుపెట్టండి. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి ఉంచి, గాయకుడి వెనక గోడకు పరుపు నిలబెట్టి, మైక్ నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కకు తిప్పి పెట్టండి. గొంతు పెంచిన చోట కూడా మీటర్ మైనస్ ఆరు డెసిబెల్స్ దాటకూడదు. ఫ్యాన్ ఆపాలి, తప్పదు, అందుకే మే నెలలో రికార్డింగ్ పెట్టుకోవద్దు, గాయకుడు సొమ్మసిల్లి పడిపోతాడు. డిసెంబర్, జనవరి మంచివి, అయితే తెల్లవారుజామున వీధి చివర గుడి మైకులో తిరుప్పావై వస్తుంది, పదకొండు తర్వాత మొదలుపెట్టండి.

విడుదల దగ్గర మనవాళ్ల తొందర చెప్పక్కర్లేదు. గ్లాస్గో వాళ్లు 1996 నవంబర్‌లో రెండో ఆల్బమ్ ఇచ్చేశాక, 1997లో ఏం చేశారో చూడండి, మూడు ఈపీలు (ఆల్బమ్ కన్నా చిన్న రికార్డులు), ఒక్కోదాంట్లో నాలుగేసి పాటలు, ఒక్కటి తప్ప ఏవీ ఆల్బమ్‌లలో లేనివే. అందులో మొదటిదైన డాగ్ ఆన్ వీల్స్‌లో ఉన్నవి అసలు బ్యాండ్ పూర్తిగా ఏర్పడకముందు చేసిన పాత డెమోలు. అంటే మీ ఫోన్‌లో, పెన్‌డ్రైవ్‌లో ఉన్న పాతవి డిలీట్ చేయకండి, తేదీ రాసి దాచండి. మీరైతే నాలుగు నెలలకు నాలుగు పాటల చొప్పున వదలండి. స్పాటిఫై లాంటి వాటికి పాట నేరుగా మనం పెట్టలేం, మధ్యలో డిస్ట్రిబ్యూటర్ (పాటలను వాటికి చేర్చే కంపెనీ) ఉండాలి. వాళ్లు ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్ఆర్‌సీ కోడ్ (ఆ రికార్డింగ్‌ను గుర్తుపట్టే నంబరు) ఇస్తారు, రాసి పెట్టుకోండి, రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ ఇవ్వాలి, లేకపోతే స్ట్రీమ్‌ల లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలయ్యే ప్రమాదం ఉంది.

కవర్ గురించి ఒక్క మాట. గ్లాస్గో వాళ్ల రికార్డులకు స్నేహితుల ఫోటో ఒకటి, దాని మీద ఒకే రంగు, అంతే. ఎన్నేళ్లయినా దూరం నుంచి చూసి వాళ్లదే అని చెప్పొచ్చు. మీరూ అలా ఒక పద్ధతి పెట్టుకోండి. దయచేసి గోపురం, ఏడుకొండలు పెట్టకండి, భక్తి పాటలనుకుని విన్నవాళ్లు కింద కామెంట్లలో తిడతారు. మొదట్లో వాళ్లు ఇంటర్వ్యూలు ఇచ్చేవాళ్లు కాదు, బ్యాండ్ ఫోటోలు కూడా పత్రికలకు పంపేవాళ్లు కాదు. ఆ బిగువు మనం చేస్తే ఎవరూ పట్టించుకోరు, అది వదిలేయండి.

ఇప్పుడు ఎవరికీ ఇష్టం లేని పని, కాగితం. 2000లో స్టువర్ట్ డేవిడ్ వెళ్లిపోయాడు, 2002లో అమెరికా టూర్ మధ్యలో ఇసొబెల్ క్యాంబెల్ వెళ్లిపోయింది. అయినా బ్యాండ్ నిలబడింది. మనకైతే బీటెక్ చివరి ఏడాది క్యాంపస్ ప్లేస్‌మెంట్స్ ముగిసేసరికి డ్రమ్మర్ బెంగళూరులో, కీబోర్డ్ అబ్బాయి పుణేలో. కాబట్టి ఒక తెల్లకాగితం మీద నాలుగు విషయాలు రాసి అందరూ సంతకం పెట్టండి, ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. పాట ఎవరు రాశారు, బాణీ ఎవరిది. రికార్డింగ్‌లో ఎవరికి ఎంత వాటా. ఎవరైనా వెళ్లిపోతే పేరు ఎవరి దగ్గర ఉంటుంది. అప్పటిదాకా కొన్న సామాను ఎవరిది. సినిమా వాళ్లో, కంపెనీ వాళ్లో పాట కొంటామని వస్తే ఇంకో సంగతి గుర్తుంచుకోండి: 2012లో మన కాపీరైట్ చట్టం మార్చాక, గేయ రచయితకు, స్వరకర్తకు రాయల్టీలో హక్కు ఉంది, దాన్ని అగ్రిమెంట్‌లో పూర్తిగా రాసిచ్చేయమన్నా చెల్లదు. రాసేవాళ్లు, బాణీ కట్టేవాళ్లు ఐపీఆర్‌ఎస్‌లో (రాయల్టీలు వసూలు చేసి పంచే సంఘం) సభ్యులుగా చేరండి, పాటలు నమోదు చేయండి. బద్ధకిస్తే డబ్బు వచ్చినా మీ దాకా రాదు.

పెద్ద ప్రొడ్యూసర్ దగ్గరికి ఎప్పుడు వెళ్లాలి? గ్లాస్గో వాళ్లు 2003లో వెళ్లారు, ట్రెవర్ హార్న్ దగ్గరికి, అప్పటికి ఏడేళ్ల అనుభవం. ఆయనతో చేసిన ఆల్బమ్ 2004లో మెర్క్యురీ ప్రైజ్ (బ్రిటన్‌లో ఏటా ఉత్తమ ఆల్బమ్‌కు ఇచ్చేది) పోటీకి ఎంపికైంది, ప్రైజ్ మాత్రం అదే ఊరికి చెందిన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ అనే బ్యాండ్ ఎగరేసుకుపోయింది. అంతకుముందు 1999లో వీళ్లకు బ్రిటన్ సంగీత పురస్కారాలైన బ్రిట్ అవార్డుల్లో కొత్తవాళ్ల బహుమతి ఇచ్చారు, అప్పటికే మూడు ఆల్బమ్‌లు వచ్చేశాయి! అవార్డుల క్యాలెండర్ చూసుకుని ప్లాన్లు వేసుకోవద్దు.

స్టేజీ దొరకడం లేదని ఏడవడం కన్నా వాళ్లు 1999 ఏప్రిల్‌లో చేసిన పని చేయండి. ఇంగ్లండ్‌లో క్యాంబర్ శాండ్స్ దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న ఒక హాలిడే క్యాంపులో, తమకు నచ్చిన బ్యాండ్లను తామే పిలుచుకుని బౌలీ వీకెండర్ అని ఒక పండగ చేశారు, ఆల్ టుమారోస్ పార్టీస్ అనే ఫెస్టివల్ దాన్ని చూసే పుట్టింది. మనకు అంత పెద్దది అక్కర్లేదు. మీరు, చిత్తూరు నుంచి ఇంకో బ్యాండ్, యూనివర్సిటీలో కవిత్వం చదివే ఇద్దరు, కీర్తనను మామూలు గొంతుతో, మైకు లేకుండా పాడగలిగే ఒకరు. అరవై కుర్చీలు. ఎయిర్ బైపాస్ రోడ్డులో మిద్దె ఉన్న ఏదైనా కేఫ్, ఆదివారం కాకుండా గురువారం సాయంత్రం, అడిగితే అద్దె లేకుండా ఇస్తారు, టీలు, సమోసాలు వాళ్లవే అమ్ముకుంటారు కాబట్టి. టికెట్ వంద పెట్టండి, ఫ్రీ అంటే సగం మంది రారు. బయట స్పీకర్లు పెడితే పోలీసు పర్మిషన్ ముందే తీసుకోండి, రాత్రి పది తర్వాత ఎలాగూ కుదరదు, తొమ్మిదిన్నరకే ముగిసేలా వరుస వేసుకోండి. తేదీ విషయంలో గంగమ్మ జాతర వారం, బ్రహ్మోత్సవాలు వదిలేయండి, చిత్తూరు వాళ్లకు పడుకోవడానికి గది దొరకదు. నవంబర్‌లో వాన. ఫిబ్రవరి మొదటి రెండు వారాలు పెట్టుకోండి, చలి తగ్గి ఉంటుంది, పరీక్షల టెన్షన్ ఇంకా మొదలవ్వదు.