పాత విండ్‌సర్ఫింగ్ మాస్టు కొనేముందు గట్టిదో కాదో ఎలా చూడాలి?

చెన్నైలో విండ్‌సర్ఫింగ్ మొదలుపెట్టేవాళ్లలో చాలామందికి మొదటి మాస్టు, అంటే సెయిల్‌ను (తెరచాపను) నిలబెట్టే గొట్టం, చేతులు మారినదే. బోర్డును, సెయిల్‌ను పదిసార్లు తిప్పి చూస్తాం కానీ మాస్టు దగ్గరికి వచ్చేసరికి గొట్టమే కదా అని వదిలేస్తాం. నేనూ అలాగే కొన్నాను. రెండో వారం చెన్నై దగ్గరి కోవళంలో, ఇంకా నేలగాలి తగ్గని పొద్దుటి పూట, సరిగ్గా బూమ్ (చేతులతో పట్టుకునే అడ్డ కడ్డీ) బిగించిన చోట అది ఫటేల్‌మని విరిగింది. గాలి నన్ను సముద్రం వైపు తోసుకుపోతుంటే చేపల పడవవాళ్లు చూసి తాడు వేశారు. అప్పటినుంచి ఎవరు మాస్టు కొంటున్నా, ముందు ఇవన్నీ చూడమని పట్టుబడతాను.

మొదట మాస్టు మీద రాసినవి చదవండి. పొడవు సెంటీమీటర్లలో ఉంటుంది: 370, 400, 430, 460 అలా. పక్కనే ఐఎంసీఎస్ అనే అంకె ఉంటుంది. అది మాస్టు బిరుసును చెబుతుంది. మామూలుగా 400కి 19, 430కి 21, 460కి 25 ఉంటుంది. మీ సెయిల్ మీద ఏ పొడవు రాసి ఉందో, దాని కంపెనీ ఎలాంటి వంపు ఉన్న మాస్టు వాడమంటోందో కూడా చూసుకోండి. ఈ రెండూ కుదరకపోతే ఎంత మంచి మాస్టయినా ఆ సెయిల్‌కు పనికిరాదు.

తర్వాత కార్బన్ శాతం. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. 100 అని కనబడగానే ఇక విరగదనుకుంటారు. కార్బన్ ఎక్కువైతే మాస్టు తేలికవుతుంది, వంగినది చటుక్కున నిటారుగా వస్తుంది. దెబ్బకు ఓర్చుకోవడం వేరే సంగతి. అది గోడ మందాన్ని బట్టి, తయారుచేసిన తీరును బట్టి ఉంటుంది. లావు మాస్టును ఎస్‌డీఎం అంటారు, సన్నదాన్ని ఆర్‌డీఎం అంటారు. అడుగున లోపలి వ్యాసం మొదటిదానికి సుమారు 48 మిల్లీమీటర్లు, రెండోదానికి 32. సన్నదాని గోడ మందంగా ఉంటుంది కాబట్టి ఒడ్డున విరిగే అలల్లో అదే ఎక్కువ నిలుస్తుంది. కోవళం అలల్లో నేర్చుకునేవాళ్లకు నేను తక్కువ కార్బన్ ఉన్న ఆర్‌డీఎమ్మే చెబుతాను.

ఇక అసలు పరీక్ష. మాస్టును తడిగుడ్డతో తుడిచి ఎండలోకి తీసుకెళ్లండి. పైనుంచి కింది దాకా దూది ఉండతో మెల్లగా రుద్దండి. ఎక్కడైనా దూది పోగులు చిక్కుకుంటే అక్కడ ఫైబర్ తెగి పైకి లేచిందన్నమాట. వట్టి చేత్తో రుద్దకండి, ఆ ఫైబర్ ముక్కలు ముల్లులా దిగుతాయి. పెయింట్ మీది గీతలకు భయపడక్కర్లేదు. గోరు దిగబడేంత లోతుగా, అడ్డంగా ఉన్న గీత కనిపిస్తే మాత్రం ఆ మాస్టు వద్దు.

బూమ్ బిగించే చోట, అంటే మీరు నిలబడితే ఛాతీకీ భుజాలకీ మధ్య ఎత్తులో, ఎక్కువసేపు ఆగండి. బూమ్‌ను పట్టి ఉంచే క్లాంపు అతిగా బిగించడం వల్ల మాస్టులు నలిగేది అక్కడే. చుట్టూ వేలు తిప్పితే ఎక్కడైనా చదునుగా తగులుతోందా? గ్లాస్ ఫైబర్ ఎక్కువున్న మాస్టయితే తెల్లటి మచ్చ ఉందా? తర్వాత రూపాయి బిళ్లతో అంగుళానికో దెబ్బ చొప్పున కొట్టుకుంటూ వెళ్లండి. బాగున్న చోట టక్ టక్‌మని ఖంగున పలుకుతుంది. లోపల పొరలు విడిపోయిన చోట మోగకుండా చప్పగా వినిపిస్తుంది. చెవి పెట్టి రెండు మూడుసార్లు వింటే ఆ తేడా ఎవరికైనా తెలిసిపోతుంది.

జాయింటు చూడటానికి రెండు ముక్కలూ విడదీయండి. కింది ముక్క నోటి దగ్గర నిలువు పగుళ్లు ఉన్నాయేమో ఫోన్ టార్చ్ వేసి చూడండి. మళ్లీ కలిపితే సందు లేకుండా కూర్చోవాలి, ఊపితే లొడలొడలాడకూడదు.

ఇవన్నీ బాగున్నాయనిపిస్తే మీ సెయిల్ తొడిగి, ఒడ్డునే డౌన్‌హాల్ (సెయిల్‌ను మాస్టు అడుగుకు లాగి బిగించే తాడు) పూర్తిగా లాగి, పక్కకు జరిగి పది నిమిషాలు ఆగండి. చిటపట శబ్దం వస్తే కొనకండి. అమ్మేవాళ్లు ఈ పరీక్షకు ఒప్పుకోకపోయినా అంతే.

కొన్నాక దాన్ని కాపాడుకోవడం మీ చేతిలో ఉంది. కత్తెర ఎండల్లో నల్లటి మాస్టు ముట్టుకోలేనంత కాలుతుంది. ఆ వేడికి ఫైబర్‌ను పట్టి ఉంచే రెసిన్ (జిగురు) మెత్తబడితే, డౌన్‌హాల్ లాగి ఉన్న మాస్టు ఇసుక మీద పడుకోబెట్టినది పడుకోబెట్టినట్టే విరగవచ్చు. టీ తాగడానికి వెళ్లినా సరే, డౌన్‌హాల్ వదులు చేసి నీడలో పెట్టండి. జాయింటు కలిపేముందు రెండు కొసల ఇసుకా తుడిచి, పైన ఎలక్ట్రికల్ టేప్ చుట్టండి. ఇంటికి రాగానే టేప్ విప్పి, ముక్కలు వేరుచేసి మంచినీళ్లతో కడగండి. కలిపే ఉంచితే ఉప్పూ ఇసుకా లోపల బిగుసుకుపోయి, మళ్లీ విడదీయడానికి ఇద్దరు చెరోవైపు పట్టుకుని లాగాల్సి వస్తుంది.