స్కాట్లండ్ పావురాల గోపురాన్ని పరిశీలించే విధానం
ఈస్ట్ లోథియన్‌లోని ఫాంటాసీ డూకాట్ వంటి పాత పావురాల గోపురాన్ని చూసేటప్పుడు ముందుగా ఆకారాన్ని గమనించాలి. తేనెటీగల బుట్టలా గుండ్రంగా పైకి సన్నబడితే అది సాధారణంగా 16వ శతాబ్దపు పద్ధతి. దీర్ఘచతురస్రాకారంలో, ఎండ కోసం దక్షిణానికి వాలిన ఒంటి కప్పుతో ఉంటే తర్వాతి కాలానిది. గోడ చుట్టూ పొడుచుకొచ్చిన రాతి పట్టీలు అలంకారమనిపిస్తాయి గానీ, అవి ఎలుకలు ఎగబాకకుండా పెట్టినవి. లోపలికి వెళ్లగలిగితే, వరుసలు తీరిన గూళ్లను లెక్కించి (ఆంగస్ ప్రాంతంలోని ఫినావన్ గోపురంలో ఇవి సుమారు 2,400), మాంసం కోసం పిల్ల పావురాలను అందుకోవడానికి నడిమి స్తంభం చుట్టూ తిరిగిన నిచ్చెన ఆనవాళ్లను వెతకాలి. 1617 నాటి చట్టం తగినంత పంటభూమి ఉన్నవారికే కొత్త గోపురం కట్టే హక్కునిచ్చింది కనుక, పక్కనున్న ధాన్యపు కొట్లను, పశువుల కొట్టాలను కూడా కలిపి చూస్తేనే ఆ కమతం స్థాయి అంచనాకు వస్తుంది.