ముహూర్తాలు మొదలయ్యేలోపే లైనక్స్‌లో కార్డ్ రీడర్ చూసుకోండి

కార్తీకం వచ్చిందంటే మన నెల్లూరు, ఒంగోలు వైపు పెళ్లిళ్లూ, తుపాను వానలూ ఒక్కసారే మీద పడతాయి. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్ వేసుకుని కెమెరా మెమరీ కార్డు నుంచి ఫొటోలు దించుకునే స్టూడియో తమ్ముళ్లందరికీ నేను చెప్పేది ఒకటే. రీడర్ పనిచేస్తుందో లేదో తలంబ్రాల ఫొటోలున్న కార్డు పెట్టి చూడొద్దు. వాటికి ఇంకో కాపీ ఉండదు. ఇప్పుడే ఖాళీ కార్డుతో చూసుకోండి.

కమాండ్లు టైపు చేసే టెర్మినల్‌ విండోలో ఎల్‌ఎస్‌బీఎల్‌కే (lsblk) అని కొట్టండి, డిస్కుల జాబితా వస్తుంది. కార్డు పెట్టి మళ్లీ కొట్టండి. కొత్తగా వచ్చిన లైనే మీ కార్డు. ల్యాప్‌టాప్‌లోనే ఉన్న స్లాట్ అయితే ఎక్కువగా ఎంఎంసీబీఎల్‌కే0 (mmcblk0) అని, యూఎస్‌బీ రీడర్ అయితే ఎస్‌డీబీ (sdb) లాంటి పేరుతో కనిపిస్తుంది. పక్కనున్న సైజు కూడా చూడండి. 64 జీబీ కార్డు 59 జీబీ చిల్లర చూపిస్తే కంగారు పడొద్దు, లెక్కగట్టే పద్ధతిలో తేడా అంతే.

లైనే రాకపోతే హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టండి. 32 జీబీ వరకే చదివే పాత రీడర్లు ఇంకా చాలామంది దగ్గరున్నాయి. పెద్ద కార్డు కొన్నవాళ్లు రీడర్ కూడా మార్చాలి.

లైను వచ్చి ఫోల్డర్ తెరుచుకోకపోతే ముందుగా ఎక్స్‌ఫ్యాట్ (exFAT) అనే కార్డు ఫార్మాట్‌ని అనుమానించండి. 64 జీబీ, ఆపై ఎస్‌డీ కార్డులు ఆ ఫార్మాట్‌లోనే వస్తాయి. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లోకి అది 2019లో, 5.4 వెర్షన్‌తో వచ్చింది. అంతకంటే పాత కెర్నెల్ అయితే ఎక్స్‌ఫ్యాట్-ఫ్యూజ్ (exfat-fuse) ప్యాకేజీ వేసుకోవాలి. ఇంట్లో నెట్ ఉన్నప్పుడే వేసుకోండి. కల్యాణమండపంలో సిగ్నల్ కోసం తిరుగుతూ చేసే పని కాదది.

పెళ్లి ఫొటోల కార్డు కెమెరాలోంచి తీయగానే దాని పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరపండి. మైక్రో కార్డుకైతే అడాప్టర్ మీద ఉంటుంది. కార్డు చదవకపోయినా, కెమెరా ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడిగినా ఒప్పుకోవద్దు. రిపేరు కమాండ్లు కూడా నేరుగా కార్డు మీద నడపొద్దు. ముందు డీడీరెస్క్యూ (ddrescue) అనే ప్రోగ్రాంతో మొత్తం కార్డును యథాతథంగా ఒక ఇమేజ్ ఫైలుగా తీసి, పోయిన ఫొటోలు వెతికిచ్చే ఫొటోరెక్‌ (PhotoRec)ను ఆ ఫైలు మీద నడపండి.

వానలకు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. కాపీ మొదలుపెట్టేముందు బ్యాటరీ నిండుగా ఉండాలి. గోడ ప్లగ్గుతో నడిచే హార్డ్‌డిస్క్ ఆ సమయానికి వాడొద్దు. ఇంకోటి, కాపీ గీత చివరికి రాగానే పని అయిపోయినట్టు కాదు. కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు. ‘ఎజెక్ట్’ కొట్టి, తీయొచ్చని చెప్పేదాకా డిస్క్ లాగొద్దు.

రెండు చోట్ల కాపీ పడి, రెండింట్లోనూ కొన్ని ఫొటోలు పూర్తిగా తెరిచి చూశాకే కార్డు ఖాళీ చేయండి.