పాత పికప్‌లో బ్రేకు, గేరు లోపాలు ఎక్కడున్నాయో కనిపెట్టడం ఎలా?

గేరు పడటం లేదనగానే గేర్‌బాక్స్ దించేస్తారు. బ్రేకు అందడం లేదనగానే లైనర్లు (రాపిడితో చక్రాన్ని ఆపే బ్రేకు పట్టీలు) మార్చేస్తారు. పాత పికప్ మీద డబ్బు అనవసరంగా పోయేది ఎక్కువగా ఇక్కడే. నా బండి రివర్స్ వేస్తే గరగరమనేది. మెకానిక్ గేర్‌బాక్స్ దించాడు, పళ్లన్నీ బాగున్నాయి. తీరా క్లచ్ స్లేవ్ సిలిండర్ (పెడల్ తొక్కినప్పుడు ఆయిల్ ఒత్తిడితో క్లచ్‌ను విడదీసేది) రబ్బరు తొడుగు వెనక్కి లాగితే లోపలి నుంచి ఆయిల్ కారింది. పోయింది ఒక్క చిన్న రబ్బరు సీలు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు ఈ పరీక్షలు చేయండి.

ముందు బ్రేకులు

బండి కదలకపోతే ఇంటి దగ్గరే ఉంటుంది, ఆగకపోతే ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి బ్రేకుల తర్వాతే గేర్ల సంగతి.

బండిని చదునైన చోట ఆపి, చక్రాలకు చెక్కదిమ్మలు అడ్డం పెట్టండి. ఇంజన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. అలాగే తొక్కిపట్టి ఇంజన్ స్టార్ట్ చేయండి. పెడల్ కొద్దిగా కిందికి దిగితే బూస్టర్ (ఇంజన్ వాక్యూమ్‌తో కాలి బలాన్ని పెంచే డబ్బా) పనిచేస్తున్నట్టే. రాయిలా ఉండిపోతే వాక్యూమ్ పైపు పగిలిందేమో, వదులైందేమో ముందు చూడండి. బూస్టర్ మీద అనుమానం ఆ తర్వాతే.

ఇప్పుడు ఇంజన్ నడుస్తుండగానే పెడల్‌ను ఒకే ఒత్తిడితో అర నిమిషం పట్టి ఉంచండి. మెల్లగా నేలకు దిగిపోతూ, బయట ఎక్కడా చెమ్మ లేకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను లైన్లలోకి నెట్టేది) లోపలి సీళ్లు అరిగి ఉంటాయి. దాని వెనకవైపు, బూస్టర్‌కు ఆనుకునే చోట కూడా వేలుపెట్టి చూడండి, అక్కడి తడి పైకి కనపడదు. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే లైన్లలో గాలి చేరినట్టు, ఎయిర్ తీయాలి. మొదటిసారి లోతుగా పోయి, వెంటనే మళ్లీ తొక్కితే పైనే అందుతోందా? వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ వదులై, లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య ఎడం పెరిగి ఉండవచ్చు.

బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగితే, లోపం లాగిన వైపే ఉందనుకోకండి. ఎడమకు లాగిందంటే కుడిచక్రం సరిగా పట్టడం లేదేమో. కొంచెం దూరం నడిపి ఆపి, ప్రతి చక్రం దగ్గరా అరచెయ్యి వెనకభాగం పెట్టి చూడండి, తాకవద్దు. ఒక్క చక్రం మాత్రమే సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు వదలడం లేదు. ఆ చక్రాన్ని జాకీతో లేపి, స్టాండు పెట్టి, బ్లీడర్ నట్టు (చక్రం దగ్గర లైన్‌లోని ఎయిర్ తీసే చిన్న నట్టు) కాస్త వదులు చేయండి. చక్రం వెంటనే తేలిగ్గా తిరిగితే ఒత్తిడి లైన్‌లో చిక్కుకుందన్నమాట. పాత బండ్లలో రబ్బరు గొట్టం బయటికి బాగానే కనిపిస్తూ లోపల ఉబ్బి మూసుకుపోతుంది.

వెనక చక్రం లోపలివైపు తడి కనిపిస్తే వేలికి అంటించుకుని రుద్దండి. పల్చగా ఉండి నీళ్లతో కడిగితే పోయేది బ్రేక్ ఆయిల్, అంటే వీల్ సిలిండర్ (డ్రమ్ములో లైనర్లను నెట్టేది) కారుతోంది. చిక్కగా, జిడ్డుగా, గంధకం వాసనతో ఉంటే అది యాక్సిల్ ఆయిల్. అప్పుడు లైనర్లు మార్చినా, యాక్సిల్ సీలు మార్చకపోతే కొత్తవీ తడిసిపోతాయి. డ్రమ్ములోని దుమ్మును మాత్రం ఊదకండి, పాత లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడిగుడ్డతో తుడవండి.

బ్రేక్ ఆయిల్ నల్లబడితే మార్చేయండి. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. నీరు పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. బరువుతో ఘాట్ దిగేటప్పుడు పెడల్ ఉన్నట్టుండి మెత్తబడటానికి ఇదొక కారణం.

ఇక గేర్లు

ఇంజన్ ఆపి అన్ని గేర్లూ వేసి చూడండి. ఆపినప్పుడు సులువుగా పడి, ఇంజన్ నడుస్తుంటే మొరాయిస్తే క్లచ్ పూర్తిగా విడిపోవడం లేదు. క్లచ్ ఆయిల్, స్లేవ్ సిలిండర్ లేదా కేబుల్ చూడండి. రివర్స్ కాకుండా, ముందుకు నడిపే గేర్లలో ఒకే ఒక్కదాని దగ్గర గరగరమంటే ఆ గేరు సింక్రోనైజర్ (గేరు పడేముందు పళ్ల వేగాలను కలిపే రింగు) అరిగినట్టు.

తర్వాత చెవికి పని. న్యూట్రల్‌లో ఇంజన్ నడుస్తూ, కాలు క్లచ్ మీద లేనప్పుడు రొద వచ్చి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ బేరింగ్. తొక్కినప్పుడే వస్తే రిలీజ్ బేరింగ్ (క్లచ్‌ను నొక్కి విడదీసేది). ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ వేగం పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేటు జారుతోంది.

ఆటోమేటిక్ గేరు బండి అయితే ఆయిల్ రంగు చూడండి. ఎర్రగా ఉండాల్సింది ముదురు గోధుమరంగుకు మారి కాలిన వాసన వస్తే లోపలి ప్లేట్లు అరుగుతున్నాయి. గులాబీరంగు పాలలా ఉంటే కూలెంట్ కలిసింది, ఇక నడపకుండా ఆపేయండి.

గేరు వేసి కదలగానే కింద టక్కుమంటే గేర్‌బాక్స్‌ను నిందించకండి. ఇంజన్ ఆపి, చక్రాలకు దిమ్మలు ఉండగానే న్యూట్రల్‌లో పెట్టి, బండి కిందికి దూరి ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను (గేర్‌బాక్స్ నుంచి వెనక యాక్సిల్‌కు పోయే పొడవాటి గొట్టం) రెండు చేతులతో అటూ ఇటూ తిప్పండి, పైకీ కిందికీ ఊపండి. దాని చివరల ఉండే క్రాస్ జాయింట్ దగ్గర ఏమాత్రం ఆట కనిపించినా, చుట్టూ ఎర్రటి తుప్పుపొడి రాలి ఉన్నా, ఆ చప్పుడు దానిదే. గేర్‌బాక్స్ దించకుండానే దాన్ని మార్చవచ్చు.