గోల్‌కీపర్ చూపుతో మ్యాచ్ – 4వ పాఠం: బంతి లేని జట్టును చదవడం

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? పది నిమిషాల పాటు బంతిని వదిలేసి గోల్‌కీపర్‌నే చూడమన్నాను. చాలామంది మూడో నిమిషానికే మళ్లీ బంతి వెంట పడి ఉంటారు. ఏం పర్లేదు, మొదట్లో నాకూ అంతే. ఈ వారం ఒక్కడిని కాదు, బంతి దొరకని జట్టు మొత్తాన్నీ చూద్దాం. ఇది నేర్చుకోవడానికి ఫుట్‌బాల్ కోచ్ నూనో ఎస్పిరిటో శాంటో తయారుచేసిన జట్లు బాగా పనికొస్తాయి.

ముందు మనిషి గురించి కాస్త. 1974లో సావో టోమేలో పుట్టాడు, అప్పటికి ఆ దీవి పోర్చుగల్ పాలనలోనే ఉంది. ఆడింది గోల్‌కీపర్‌గా. పోర్చుగల్‌లోని పోర్టో క్లబ్‌లో గోల్ ముందు చోటు విటోర్ బాయియాది, నూనోది బెంచీ. 2003లో యూఈఎఫ్ఏ కప్, 2004లో ఛాంపియన్స్ లీగ్ (రెండూ యూరప్ క్లబ్బుల పోటీలు) పోర్టో గెలిచినప్పుడు రెండు ఫైనల్సూ బెంచీ మీద కూర్చునే చూశాడు. అదే ఏడాది డిసెంబర్‌లో జపాన్‌లోని యొకొహామాలో ఇంటర్‌కాంటినెంటల్ కప్, అంటే యూరప్, దక్షిణ అమెరికా ఛాంపియన్ క్లబ్బుల మధ్య మ్యాచ్. ఆట చివర్లో బాయియాకు ఒంట్లో బాగోలేక బయటికి వచ్చేస్తే, ఉన్నపళంగా నూనోని దింపారు. మ్యాచ్ పెనాల్టీల దాకా వెళ్లి 8-7తో పోర్టో గెలిచింది. పోర్చుగల్ సీనియర్ జట్టుకు మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

అన్నేళ్లు పక్కన కూర్చుని చూసినవాడికి ఆటగాళ్ల కంటే వాళ్ల మధ్య ఖాళీలే ఎక్కువ కనిపిస్తాయేమో. ఇది నా ఊహే అనుకోండి. కానీ అతని జట్లను చూస్తే ఆ ఊహ బలపడుతుంది.

ఇక పనిలోకి. ఒక కాగితం మీద మైదానం గీసుకోండి. పదకొండు చింతగింజలు తీసుకోండి. 2019 అక్టోబర్‌లో ఇంగ్లండ్ లీగ్‌లో మాంచెస్టర్ సిటీ సొంత మైదానంలో వుల్వ్స్ (వుల్వర్‌హాంప్టన్ క్లబ్) 2-0తో గెలిచిన మ్యాచ్ వీడియో దొరికితే పెట్టండి, అప్పటి వుల్వ్స్ కోచ్ నూనోనే. సిటీ దగ్గర బంతి ఉన్నప్పుడు వీడియో ఆపి, వుల్వ్స్ వాళ్లు ఎక్కడున్నారో గింజలు పేర్చండి. గోల్ ముందు నడుమ కాపు కాసే ముగ్గురు సెంటర్‌బ్యాక్‌లు, వాళ్లకు అటూ ఇటూ అంచుల వెంట ముందుకీ వెనక్కీ పరిగెత్తే వింగ్‌బ్యాక్‌లు. బంతి పోగానే ఆ ఐదుగురూ ఒకే వరుసలోకి వస్తారు. నడిమి సెంటర్‌బ్యాక్ కానర్ కోడీ అసలు మిడ్‌ఫీల్డర్, అంటే మైదానం మధ్యలో ఆడేవాడు. అతన్ని వెనక్కి తెచ్చింది నూనోనే. ఎదురుగా ఆటంతా కనబడే చోట, బంతిని దూరానికి అందించగలిగేవాణ్ని పెట్టుకున్నాడన్నమాట.

ఇప్పుడు రెండు ప్రశ్నలు. వెనక వరుసకీ, దాని ముందున్న మిడ్‌ఫీల్డ్ వరుసకీ మధ్య ఎంత ఖాళీ ఉంది? గింజల మధ్య వేలు పెట్టి చూడండి. వేలు పట్టకపోతే ఎదుటి జట్టు అక్కడ ఆడలేదు, చుట్టూ తిరగాల్సిందే. రెండోది, అందరూ వెనక్కి వచ్చినా ముందు ఎవరు మిగిలారు? ఈ రెండో ప్రశ్నే అసలైనది, ఎక్కువమంది మర్చిపోయేదీ ఇదే. ఆ రోజు వుల్వ్స్ కొట్టిన రెండు గోల్స్‌కీ పాస్ ఇచ్చింది రౌల్ హిమెనెజ్, కొట్టింది అడామా ట్రావోరే. 80వ నిమిషంలో ఒకటి, 90 నిమిషాలయ్యాక కలిపే ఇంజురీ టైమ్‌లో ఒకటి. ఒకరు బంతిని ఆపి పెట్టేవాడు, ఇంకొకరు గుర్రంలా పరిగెత్తేవాడు.

ముందు అలాంటివాళ్లు లేకుండా వెనక మాత్రం గట్టిగా కూర్చుంటే? 2021లో లండన్ క్లబ్ టోటెన్‌హామ్‌కి కోచ్‌గా నూనో మొదటి మూడు లీగ్ మ్యాచ్‌లూ 1-0తోనే గెలిచాడు. ఆ తర్వాత దాడి మూగబోయింది. మాంచెస్టర్ యునైటెడ్ చేతిలో 0-3తో ఓడిన రోజు టోటెన్‌హామ్ గోల్‌లోకి గురిచూసి ఒక్క షాట్ కూడా కొట్టలేకపోయింది. నవంబర్ 1న నూనో ఉద్యోగం పోయింది. వీలైతే ఆ మ్యాచ్‌కి కూడా గింజలు పేర్చండి. ముందున్న గింజకీ వెనక గింజలకీ మధ్య దూరం చూస్తే గోడు అర్థమవుతుంది.

వచ్చే పాఠం లోపు చేయాల్సిన పని: 2024 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ మైదానం ఆన్‌ఫీల్డ్‌లో నాటింగ్‌హామ్ ఫారెస్ట్ 1-0తో గెలిచిన మ్యాచ్ చూడండి. కోచ్ మళ్లీ నూనోనే, కానీ ఈసారి వెనక నలుగురే. గోల్ పడిన వరసను మూడు చోట్ల ఆపి, మూడు కాగితాలు గీయండి: ఫారెస్ట్‌కి బంతి దొరికినప్పుడు, ఎలాంగా కుడి నుంచి ఎడమకి దాటించినప్పుడు, హడ్సన్-ఒడోయ్ షాట్ కొట్టే ముందు. ఆ ఇద్దరూ బెంచీ మీద నుంచి వచ్చినవాళ్లే. మూడు కాగితాల్లోనూ లివర్‌పూల్ గింజలు పెట్టకండి, ఫారెస్ట్‌వి చాలు. ఐదో పాఠంలో వాటి పక్కనే లివర్‌పూల్‌వి పెడదాం.