ఎనిమిది నిమిషాల పరుగుకు ముందు

పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం కోసం పరుగులు తీసే పిల్లలు నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ ఊరికి వెళ్లినా కనిపిస్తారు. తెల్లవారకముందే ఒంగోలు బైపాస్ మీద, కావలి, కందుకూరు కాలేజీ గ్రౌండ్లలో, మైపాడు, కొత్తపట్నం ఇసుకలో గుంపులుగా ఉంటారు. విజయవాడలోనో విశాఖలోనో యూనిఫారం వేసుకోవాలని కొందరి ఆశ. ఢిల్లీ పోలీసుకు దరఖాస్తు పెట్టి చూద్దామని ఇంకొందరు. ప్రశ్నపత్రం ఎంత కఠినంగా ఉన్నా మూడు గంటల్లో తేలిపోతుంది. ఈవెంట్స్, అంటే గ్రౌండ్లో పెట్టే పరుగు, జంప్ పరీక్షల కోసం ఎదురుచూసే నెలలే ప్రమాదం. మోకాళ్లు పాడుచేసుకునేదీ, కేసులో పేరు ఎక్కేదీ, దళారికి డబ్బు కట్టేదీ అప్పుడే.

ఆ నెలలు ఎన్నో ఎవరూ చెప్పలేరు. ఆంధ్రప్రదేశ్‌లో 6,100 కానిస్టేబుల్ పోస్టులకు 2022 నవంబరులో నోటిఫికేషన్ వచ్చింది. తొలి రాత పరీక్ష ప్రిలిమ్స్ 2023 జనవరి 22న జరిగాయి. ఈవెంట్స్ మొదలైంది 2024 డిసెంబరు 30న. చివరి రాత పరీక్ష మెయిన్స్ 2025 జూన్ 1న. అంటే ప్రిలిమ్స్‌కూ గ్రౌండ్‌కూ మధ్య దాదాపు రెండేళ్లు. అన్నాళ్లూ చేస్తున్న పని మానేసి, ఒంగోల్లో గది అద్దె కడుతూ, అప్పు చేసి కోచింగ్‌లో కూర్చున్నవాళ్లు ఏమవుతారో లెక్క వేసుకోండి. పని వదలకండి. తేదీ లేనంతకాలం వారానికి మూడు రోజులు తేలికగా పరుగెత్తితే చాలు. తేదీ వచ్చాక గట్టిగా మొదలుపెట్టినా, ఒళ్లు అప్పటికే అలవాటు పడి ఉంటుంది కాబట్టి అందుకుంటుంది. రెండేళ్ల పాటు రోజూ ప్రాణం పెట్టి పరుగెత్తే శరీరం ఎవరికీ లేదు.

అసలు అడుగుతున్నది ఎంత? రాష్ట్ర కానిస్టేబుల్ పోస్టుకు మగవారు 1600 మీటర్లు 8 నిమిషాల్లో, ఆడవారు 10 నిమిషాల 30 సెకన్లలో పూర్తి చేయాలి. వంద మీటర్లకు మగవారికి 15 సెకన్లు, ఆడవారికి 18. లాంగ్ జంప్ 3.80 మీటర్లు, ఆడవారికి 2.75. సివిల్ పోస్టుకు 1600 మీటర్ల పరుగు తప్పనిసరి, మిగతా రెండింట్లో ఒకటి నెగ్గితే చాలు. ఏపీఎస్పీకి, అంటే స్పెషల్ పోలీసు బెటాలియన్లకు మాత్రం మూడింటికీ మార్కులుంటాయి. నాలుగు వందల మీటర్ల ట్రాక్ మీద ఎనిమిది నిమిషాలంటే రౌండుకు రెండు నిమిషాలు. ఆరోగ్యంగా ఉన్న పల్లెటూరి కుర్రాడికి ఇది కొండెక్కే పనేమీ కాదు. అయినా గ్రౌండ్లో ప్రతిసారీ ఒకటే దృశ్యం: విజిల్ పడగానే మొదటి రౌండు డెబ్బై ఎనభై సెకన్లలో లాగేస్తారు, మూడో రౌండుకు నడుము పట్టుకుని నడుస్తుంటారు. రౌండు రౌండుకూ గడియారం చూసుకుంటూ ఒకే వేగంతో పరుగెత్తడం నేర్చుకోవడమే సగం తర్ఫీదు. ఆ మాట చెప్పే కోచ్‌లు తక్కువ. రోజుకు పది కిలోమీటర్లు పరుగెత్తించి గొప్పలు పోయేవాళ్లే ఎక్కువ.

ఆ పది కిలోమీటర్ల వల్ల ముందు పోయేది ముంగాలు, అంటే మోకాలి కింద కాలి ముందుభాగం. కొత్తగా మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లో ముంగాలి ఎముక లోపలి అంచు పొడవునా సలుపుతుంది. అది విశ్రాంతితో, మెత్తటి నేల మీద పరుగుతో తగ్గుతుంది. కానీ నొప్పి అంతా ఒకే చోట ఉండి, వేలితో అక్కడ నొక్కితే ప్రాణం పోయినట్టుంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతలేకపోతుంటే, అది ఎముకలో సన్నటి పగులు కావచ్చు. క్రేప్ బ్యాండేజీ చుట్టి, నొప్పి మాత్ర మింగి పరుగెత్తితే పగులు పెద్దదవుతుంది. ఎక్స్‌రేలో మొదట్లో కనపడకపోవచ్చు కూడా, అందుకని ఎముకల డాక్టరు చెప్పిన మాట వినండి. ఆరేడు వారాలు ఆగాల్సి రావచ్చు. ఇలాంటి అవసరం రావచ్చనే, తేదీ రాకముందు నుంచే తేలికగా పరుగెత్తుతూ ఉండమని అనేది. దూరాన్ని వారానికి పదో వంతు కంటే ఎక్కువ పెంచకండి. బూట్లు గ్రౌండ్‌కు వెళ్లే వారం కొనకండి. కొత్త బూట్లు మడమ కొరికేస్తాయి.

ఇక ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత మన దగ్గర అతిశయోక్తి కాదు. కనిగిరి, పొదిలి వైపు పొడి వడగాలి. నెల్లూరు తీరంలో ఉక్క. ఉక్కలో చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే ఉష్ణోగ్రత రెండు మూడు డిగ్రీలు తక్కువ చూపించినా తీరంలో పరుగు తేలికని అనుకోవద్దు. ఎండాకాలం సూర్యుడు పైకి రాకముందే పరుగు ముగించాలి. ముందు రోజు రాత్రి నుంచే ఉప్పేసిన మజ్జిగ, గంజి తాగుతూ ఉండాలి. తోటివాడు తూలుతూ, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అలసిపోయాడులే అని వదిలేయకండి. అది వడదెబ్బ. నీడకు లాగి, బట్టలు వదులు చేసి, తల నుంచి పాదాల దాకా చన్నీళ్లు పోస్తూ 108కి ఫోను చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకూడదు. పరుగు తర్వాత మూత్రం కాఫీ డికాషన్ రంగులో వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కండరాలు దెబ్బతిని మూత్రపిండాల మీద పడే ప్రమాదం ఉంది.

ఇవి బెదిరింపు మాటలు కావు. 2024 ఆగస్టు, సెప్టెంబరుల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఎంపికకు పది కిలోమీటర్లు పరుగెత్తించినప్పుడు పది మందికి పైగా అభ్యర్థులు చనిపోయారు. 2025 జనవరిలో మచిలీపట్నంలో 1600 మీటర్లు పరుగెత్తిన ఒక అభ్యర్థి కుప్పకూలి చనిపోయాడు. పరుగులో ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోయినా, గుండెలో పట్టేసినట్టున్నా, ఇంట్లో చిన్న వయసులో హఠాత్తుగా పోయినవారున్నా, ముందు ఈసీజీ తీయించుకోండి. ప్రభుత్వ ఏరియా ఆసుపత్రుల్లో కూడా తీస్తారు. నొప్పి తగ్గే ఇంజెక్షన్ వేయించుకుని గ్రౌండ్లో దిగడం, 'స్టామినా' పొడులని ఎవరో ఇచ్చినవి మింగడం ఆపేయాలి. ఒంట్లో నీళ్లు తగ్గి ఉన్నప్పుడు నొప్పి మందులు మూత్రపిండాలకు మరింత హాని చేస్తాయి.

మన జిల్లాల్లో వానలు ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాను వచ్చిందంటే గ్రౌండ్లు వారాల తరబడి బురద. కిందటిసారిలా డిసెంబరు చివర ఈవెంట్స్ పెడితే, వానలు వెలిశాక చూద్దాంలే అనుకున్నవాడికి సమయమే మిగలదు. ఆ రోజుల్లో మెట్లు ఎక్కడం, గుంజీళ్లు, తాడాట ఇంటి వరండాలోనే చేసుకోవచ్చు. బురదలో పరుగెత్తి చీలమండ మెలిపెట్టుకోవడం కన్నా అదే నయం.

గ్రౌండ్ దూరమని హైవే ఎక్కేవాళ్లకు ఒక మాట. పదహారో నంబరు జాతీయ రహదారి మీద తెల్లవారుజామున మూడు నుంచి ఐదు మధ్య లారీ డ్రైవర్లు కునికిపాట్లు పడే వేళ. ఆ లారీల లైట్ల వెలుగులోనే నలుగురు వరుసగా, చెవుల్లో పాటలు పెట్టుకుని పరుగెత్తుతుంటారు. వీలైతే హైవే మానేయండి. తప్పకపోతే ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించే వైపు, ఒకరి వెనక ఒకరు, మెరిసే పట్టీ ఉన్న చొక్కా వేసుకుని, చెవులు ఖాళీగా ఉంచుకుని పరుగెత్తాలి. చేల గట్ల మీద పరుగెత్తేవాళ్లు వానాకాలం టార్చిలైటు లేకుండా కదలకండి, కట్లపాములు తిరిగే కాలం. సముద్రపు ఒడ్డున తడి ఇసుక గట్టిగా ఉండి బాగానే ఉంటుంది గానీ, ఆ నేల నీళ్ల వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకు రోజూ పరుగెత్తితే ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడి ఆ వైపు మోకాలు, తుంటి నొప్పి పెడతాయి. ఎంత దూరం వెళ్లారో అంత దూరం వెనక్కీ పరుగెత్తి రండి. లాంగ్ జంప్ గుంతలో దూకే ముందు ఇసుక తవ్వి చూడండి, సీసా పెంకులు దొరకని గుంత అరుదు.

ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. చీకట్లో ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి, ఇంట్లో చెప్పి వెళ్లడం ఎలాగూ ఉంటుంది. అంతకన్నా ఎవరూ నోరు విప్పనిది రక్తహీనత. రోజూ పరుగెత్తుతున్నా వేగం పెరగక, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే హిమోగ్లోబిన్ చూపించుకోవాలి. అది తక్కువగా ఉంటే ఎంత తర్ఫీదైనా వృథా. ఈవెంట్స్ రోజుకు నెలసరి వాయిదా వేయాలని మందుల షాపులో అడిగి మాత్రలు కొనకుండా, ముందుగానే డాక్టరును కలవండి.

కొలతలు, వైద్య పరీక్ష సంగతి దరఖాస్తు పెట్టకముందే తేల్చుకుంటే డబ్బూ ఆశా మిగులుతాయి. ఎత్తు మగవారికి 167.6 సెంటీమీటర్లు, ఆడవారికి 152.5. మగవారికి ఛాతీ 86.3, గాలి పీల్చినప్పుడు కనీసం 5 సెంటీమీటర్ల వ్యాకోచం. ఆడవారి బరువు 40 కిలోలకు తగ్గకూడదు. మోకాళ్లు ఒకదానికొకటి రాసుకోవడం, చదును పాదాలు, కాళ్ల మీద ఉబ్బిన నరాలు, పుచ్చిన పళ్లు, రంగులు పోల్చలేకపోవడం, ఇవన్నీ అనర్హతలు. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగినవాళ్లు పళ్లూ మోకాళ్లూ ముందే చూపించుకోవడం మంచిది. తడి పాదంతో సిమెంటు గచ్చు మీద నిలబడి దిగండి. మధ్యలో వంపు లేకుండా పాదం మొత్తం అచ్చు పడితే డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిన పాదం అది.

ఇప్పుడు అందరూ తేలిగ్గా తీసుకునే ప్రమాదం: ఊళ్లో కేసు. పంచాయతీ ఎన్నికల గొడవ, పొలం గట్టు తగాదా, సంక్రాంతి కోడిపందెం, పేకాట, తాగి బండి నడపడం, ఏదైనా సరే. పల్లెల్లో ఫిర్యాదు రాసేటప్పుడు ఆ ఇంట్లో పోలీసు ఉద్యోగానికి చదువుతున్నవాడి పేరు కావాలనే కలపడం మామూలు. గొడవ దగ్గరకు చూడ్డానికి కూడా వెళ్లకండి. ఒకవేళ కేసు ఉంటే, రాజీ అయినా, కొట్టేసినా, ఫారంలో అడిగినచోట రాయాల్సిందే. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందాని సారాంశం ఏమిటంటే, నిజం చెప్పినవారి కేసు ఎలాంటిదో చూసి యాజమాన్యం నిర్ణయం తీసుకోవచ్చు, దాచినవారిని ఆ దాచడం కారణంగానే తీసేయవచ్చు. ఎఫ్‌ఐఆర్, తీర్పు కాపీలు దగ్గర పెట్టుకుని ఒక వకీలుకు చూపించి ఫారం నింపండి.

దళారుల గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు, వాళ్లు కొత్తగా చేసేదీ లేదు. కాకపోతే ఒకటి గమనించండి: డబ్బు ఇప్పుడు వద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇచ్చి వెళ్లండి అనేవాడు ఎక్కువ ప్రమాదకారి. మీరు సొంత ప్రతిభతో నెగ్గినా, సర్టిఫికెట్లు వాడి చేతిలోనే ఉంటాయి.

స్టడీ సర్టిఫికెట్లు ఇప్పటి నుంచే పోగుచేయండి. కనిగిరి, దర్శి, మార్కాపురం వైపు నుంచి హైదరాబాదుకో బెంగుళూరుకో పనికి వలస వెళ్లిన ఇళ్లలో పిల్లలు రెండు మూడు చోట్ల చదివి ఉంటారు. ఆ బడుల్లో ఒకటి ఈపాటికి మూతపడి ఉంటుంది. సివిల్ కానిస్టేబుల్ పోస్టుల్లో పెద్ద వాటా ఆ జిల్లా స్థానికులదే. ఏ ఏడాది ఎక్కడ చదివారో చూపలేకపోతే స్థానికత ఎటూ కాకుండా పోతుంది. విజయవాడ, విశాఖ నగరాల్లో సివిల్ పోస్టు కోరుకునేవాళ్లు అక్కడ తాము స్థానికేతరులమన్న లెక్కతో పోటీ పడాలి.

ఢిల్లీ పోలీసుకు ఈ స్థానికత చిక్కు లేదు. కానీ అక్కడి కొలబద్ద వేరు. మగవారికి 170 సెంటీమీటర్ల ఎత్తు, ముప్పై ఏళ్ల లోపువారికి 1600 మీటర్లు 6 నిమిషాల్లో, అంటే రౌండుకు తొంభై సెకన్లు. ఆడవారికి 8 నిమిషాలు. మగవారికి లాంగ్ జంప్ 14 అడుగులు, హై జంప్ 3 అడుగుల 9 అంగుళాలు. రాత పరీక్ష హిందీ, ఇంగ్లిషుల్లోనే. మనవాళ్లు ఎక్కువగా జారిపడేది రెండు కాగితాల దగ్గర. మగ అభ్యర్థులకు ఈవెంట్స్ నాటికి మోటారు సైకిలుకో కారుకో డ్రైవింగ్ లైసెన్సు ఉండాలి. ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) చెల్లదు. ఎల్‌ఎల్‌ఆర్ వచ్చిన నెల రోజులకు గానీ పక్కా లైసెన్సుకు పరీక్ష పెట్టరు, స్లాటు దొరకడం ఇంకో తంతు, కాబట్టి దరఖాస్తుతో పాటే అదీ మొదలుపెట్టండి. రెండోది, బీసీలు ఇచ్చే ఓబీసీ సర్టిఫికెట్ కేంద్ర నమూనాలో ఉండాలి, మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. రాష్ట్రంలో బీసీ అయిన ప్రతి కులమూ అక్కడ ఓబీసీ కాదు.

ఢిల్లీ గ్రౌండ్‌కు పిలుపు జనవరిలో వస్తే, 2024లో అలాగే వచ్చింది, నెల్లూరు నుంచి రైలు ప్రయాణమే ఒకటిన్నర రోజు. పైగా పొగమంచుకు రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. రెండు రోజులు ముందే చేరుకునేలా టికెట్ తీసుకోండి. ఆ చలిలో కండరాలు కర్రల్లా బిగుసుకుంటాయి. వరుసలో నిలబడ్డంతసేపూ స్వెటరు విప్పకండి, విజిల్‌కు ముందు కనీసం పావుగంట నెమ్మదిగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్ల సంచి పెద్ద బ్యాగులో పెట్టి బెర్తు కింద తోయకుండా, తల కింద పెట్టుకుని పడుకోండి.